ఊరికి చేరని ఏడో పేజీ

పోయిన వారం భాగ్యరేఖను మనం ఆటోలో వదిలిపెట్టాం. ఒళ్ళో పాత పేపర్ల కట్ట, చెవుల్లో పల్లెలో ఆవులు మేపుకునే బిసాహిన్ బాయి మాట. "నువ్వు చెప్పినట్టే రోజూ చదివించుకున్నాం నోనీ. తేదీ మాత్రం రాలేదు. చదువుకున్నదానివి, నువ్వొకసారి చూడు." నోనీ అంటే ఛత్తీస్‌గఢీలో ఆడపిల్లని ముద్దుగా పిలవడం. ఆ ముద్దే భాగ్యరేఖకి ముల్లులా గుచ్చుకుంది.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. భాగ్యరేఖ పుట్టింది భిలాయి సెక్టర్ 2లో, మూడు నెలల కిందట కాపురానికొచ్చింది అదే ఊళ్ళోని రుఆబాంధాకి. పనిచేసేది "గావ్ ఖబర్" అనే ఫోన్ లైన్‌లో. పల్లెవాళ్ళు ఒక నంబరుకి మిస్డ్ కాల్ ఇస్తే అదే తిరిగి మోగి వార్తలు వినిపిస్తుంది. తమ ఊరి కబురుంటే వాళ్ళూ చెప్పుకోవచ్చు. జూలైలో కర్మాటోలా అనే ఊరినుంచి ఒక కబురొచ్చింది. తమ పశువులు మేసే పద్దెనిమిది ఎకరాల బీడుని ఫ్యాక్టరీ బూడిద పోసుకోడానికి ఒక కంపెనీ అడుగుతోందని. భాగ్యరేఖ పరిగెత్తుకెళ్ళి ఊరిని కూర్చోబెట్టి ధైర్యం చెప్పింది. "మిమ్మల్ని అడక్కుండా ఎవరూ ఇవ్వలేరు. మీ అభ్యంతరం రాసిచ్చే గడువు పేపర్లో వేస్తారు. పేపర్ చూస్తూ ఉండండి."

ఊరు చూస్తూనే ఉంది. రోజూ పొద్దున్న కిరాణా కొట్టు ముందు పదిమంది కూర్చుని, కొట్టతని చేత పేపరంతా చదివించుకుని, మడతపెట్టి తేదీల వరసన దాచింది. ఆదివారం ఆటోలో తెచ్చిన ఆ కట్టే ఇప్పుడు రుఆబాంధాలో, భాగ్యరేఖ వంటింట్లో నేలంతా పరుచుకుని ఉంది.

సెప్టెంబరు పన్నెండు, శుక్రవారం. పన్నెండున్నర కావస్తోంది. ఇవాళ ఆఫీసుకి సెలవు పెట్టి పొద్దుటినుంచి ఆమె అదే పనిలో ఉంది. యాభై ఎనిమిది పేపర్లు. పోయినవాళ్ళ ఫొటోలు, పెళ్ళికొడుకులు కావలెను, తప్పిపోయిన ఎద్దు, బోరుబావుల ప్రకటనలు. కర్మాటోలా పేరు ఎక్కడా లేదు. అభ్యంతరాలు తీసుకునే దుర్గ్‌లోని సర్కారు ఆఫీసుకి ఈ వారంలో మూడుసార్లు ఫోన్ చేస్తే మూడుసార్లూ ఒకటే జవాబు. "పేపర్లో వేశాం మేడమ్, చూసుకోండి." ఏ తేదీన అని అడిగేలోపే ఫోన్ పెట్టేసేవారు. నాలుగోసారి అసలెత్తనే లేదు.

"ఏటే భాగ్యా, వంటింట్లో ఈ పేపర్లేటి? అడుగెయ్యడానికి చోటు లేదు," అంది నూకరత్నం, ఆమె అత్తగారు, పొయ్యి దగ్గర్నుంచి.

"ఒక్క గంటత్తయ్యా. తీసేస్తాను."

"గంటయితే ఆడు భోజనానికొచ్చీస్తాడు. నీ మొగుడు పేపర్లు తింటాడేటి? ఆ ఇంగువ డబ్బా ఇలాగందియ్యి. చారు మరిగిపోతంది."

భాగ్యరేఖ లేచింది. వంటింటి అరలంటే ఆమెకి ఎంత ముచ్చటో చెప్పాలి. పెళ్ళికి వచ్చిన స్టీలు డబ్బాల మీద తన పేరు, భర్త జితేంద్ర పేరు పక్కపక్కన చెక్కి ఉన్నాయి. పసుపు డబ్బా తీసినా కారం డబ్బా తీసినా ఇద్దరి పేర్లూ కనిపిస్తాయి, రోజుకి నాలుగైదుసార్లు ఊరికే తీసి చూసుకుంటుంది. ఆగస్టులో ఒకరోజు అరలన్నిటికీ కొత్త పేపర్లు పరిచి, అంచులని కత్తెరతో అర్ధచంద్రాల్లా కోసింది. జితేంద్ర నవ్వి, నవ్వి, చివరికి తనే కత్తెర లాక్కుని ఓ ఆరు చంద్రుళ్ళని కోశాడు. ఆరూ వంకరే. ఆ వంకర అంచు కనిపించేలా ఇంగువ డబ్బాని ఓ పక్కకి పెట్టుకుంది.

డబ్బా తీసింది. దానికింద నాలుగు వేళ్ళ వెడల్పున, నల్లగీతల మధ్య ఒక చిన్న ప్రకటన. పైన "సర్వసాధారణ సూచన" అని హిందీలో, అంటే బహిరంగ ప్రకటన. మూడో వరసలో ఒక ఊరి పేరు.

కర్మాటోలా.

ఆమె పసుపు తీసింది, కారం తీసింది, ధనియాల పొడి తీసింది. డబ్బాలన్నీ నేలమీదికి దిగిపోయాయి. నూకరత్నం చారు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కోడలు అరమీది పేపరు చిరక్కుండా రెండు చేతులా లాగి కిటికీ వెలుగులో పట్టుకుంది. ఆగస్టు పద్నాలుగు, ఏడో పేజీ. కర్మాటోలా గ్రామ చారాగా భూమి, అంటే మేత బీడు, పద్దెనిమిది ఎకరాలు, బూడిద నిల్వకై. అభ్యంతరాలున్న గ్రామస్థులు సంతకాలతో రాతపూర్వకంగా, సెప్టెంబరు పన్నెండు శుక్రవారం సాయంత్రం ఐదు గంటలలోపు దాఖలు చేయవలెను. ఆ తర్వాత అందినవి పరిగణించబడవు.

గోడ గడియారంలో పన్నెండూ నలభై.

ఇరవై తొమ్మిది రోజులు. ఊరంతా ఏ ముక్క కోసం ఎదురుచూసిందో ఆ ముక్క మీద ఇంగువ డబ్బా పెట్టుకుని కాపురం చేసింది తను.

కట్టలోంచి ఊరివాళ్ళ ఆగస్టు పద్నాలుగు పేపరు లాగింది. అదే పత్రిక, అదే పేరు, అదే తేదీ. ఏడో పేజీ తిప్పింది. అక్కడ నోటీసు లేదు. పేజీ నిండా స్వాతంత్ర్య దినోత్సవ శుభాకాంక్షలు, చేతులు జోడించిన ముప్పై రెండు చిన్న చిన్న ఫొటోలు. రెండు పేజీలనీ పక్కపక్కన నేలమీద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, ఇటోసారి అటోసారి చూసింది.

"ఏటయ్యిందే?" అంది నూకరత్నం, ఈసారి మెల్లగా.

"ఏటయ్యిందో నాకే తెలీటం లేదత్తయ్యా."

ముందు నరసింగరావుకి ఫోన్ చేసింది. గావ్ ఖబర్ ఆయనదే. స్టీల్ ప్లాంట్‌లో ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరై, వచ్చిన తీరికని సుపేలాలో రెండు గదుల ఆఫీసుగా మార్చుకున్న పెద్దమనిషి.

"సార్, కర్మాటోలాకి ఇప్పుడే కబురెళ్ళాలి. ఇవాళ ఐదింటికి ఆఖరు."

"నోటీసు దొరికిందా? మంచిది తల్లీ. ఆఫీసువాళ్ళు కన్‌ఫర్మ్ చేశారా?"

"నోటీసు నా చేతిలో ఉంది సార్. అచ్చయి ఉంది. అదే తేదీ ఊరి పేపర్లో మాత్రం లేదు."

"ఊరి పేపర్లో లేదంటున్నావు గదా. ఒకే పేపరు రెండు రకాలుగా ఉందంటే ఎక్కడో ఏదో తేడా ఉంది. రద్దయిందేమో. తేదీ మారిందేమో. రెండు చోట్ల అడక్కుండా మన లైన్ మీద ఏదీ వెళ్ళదు. నీకు తెలుసు."

"ఆఫీసు ఫోనెత్తటం లేదు."

"లంచ్ టైమ్. రెండింటికెత్తుతారు."

"రెండింటికెత్తి, మీరు రెండున్నరకి పంపి, వాళ్ళు మూడింటికి విని, దుర్గ్ ఎప్పుడెళ్తారు సార్?"

నరసింగరావు ఓపిగ్గానే అన్నాడు. ఆ ఓపికే ఆమెకి మరింత మంట. "తల్లీ, ఒక్క తప్పుడు అనౌన్స్‌మెంట్‌కి ఎంతమంది ఎటు పరిగెడతారో నేను ప్లాంట్‌లో కళ్ళారా చూశాను. ఊరంతా పనులు మానుకుని దుర్గ్ వెళ్ళి, అక్కడ ఏమీ లేదంటే, రేపట్నుంచి మన ఫోన్ ఎత్తరు. రెండింటిదాకా ఆగు."

ఫోన్ పెట్టేసి భాగ్యరేఖ గోడకేసి చూస్తూ కూర్చుంది. పల్లెలోంచి పట్నానికి కబురు రావాలంటే ఒక మిస్డ్ కాల్ చాలు. పట్నంలోంచి పల్లెకి పోవాలంటే మాత్రం ఎంతమంది అన్నం తిని లేవాలి.

బయట బైకు హారన్ రెండుసార్లు మోగింది. ఇంట్లో ఉన్న రోజుల్లో ఆ రెండో హారన్‌కి ఆమె గుమ్మంలో ఉంటుంది. ఇవాళ లేవలేదు.

జితేంద్ర హెల్మెట్ చేత్తో పట్టుకుని వంటింట్లోకి తొంగిచూశాడు. సుపేలాలో ఒక యాడ్ ఏజెన్సీలో పని అతనిది. పేపర్లకి ప్రకటనలు బుక్ చేసి పంపుతారు. నేలమీది డబ్బాలు చూసి, "ఏటమ్మా, కొత్త కోడలు దుకాణం పెట్టిందేటి?" అని తల్లినడిగాడు.

"దాన్నే అడుగు. చారులో ఇంగువ లేదు ఇవేళ," అని నూకరత్నం కంచం పెట్టింది.

అతను పీట మీద కూర్చుని అన్నంలో చారు పోసుకున్నాడు. భాగ్యరేఖ రెండు పేజీలనీ తెచ్చి కంచం పక్కన పరిచింది.

"ఇదీ అదీ ఒకే రోజుది. ఇందులో ఉన్న నోటీసు అందులో ఎందుకు లేదు?"

అతను ఓరగా చూశాడంతే. "అది డాక్ ఎడిషన్ గదా."

"అంటే ఏటి?"

"దూరం ఊళ్ళకెళ్ళే పేపరు. సాయంత్రమే ముద్రించి బండెక్కించేస్తారు. సిటీది అర్ధరాత్రి అచ్చవుతాది. పేరొకటే, లోపలి పేజీలు వేరు. నువ్వు జర్నలిజం చదివేవు, మీ కాలేజీలో చెప్పలేదా?"

చెప్పలేదు. మూడేళ్ళలో ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే వినలేదేమో. ఎన్నిసార్లు ఆ పత్రిక ఆఫీసు ముందునుంచి వెళ్ళిందో. పేపరంటే ఒకటే అనుకుంది, సూర్యుడిలాగ.

"మరి నోటీసు ఊరివాళ్ళది. ఊరికెళ్ళే పేపర్లో గదా వెయ్యాలి?"

"ఇచ్చినోళ్ళు ఏది చాలంటే అదేస్తారు. సిటీ ఒక్కటీ చాలంటే సిటీ. అన్నీ కావాలంటే అన్నీ. ఫారం మీద టిక్ పెట్టడమే."

"ఎవరు పెడతారు ఆ టిక్?"

అతని చెయ్యి కంచంలోనే ఆగింది. చూపు నోటీసు కింద మూలకి వెళ్ళింది. అక్కడ చీమంత అక్షరాల్లో ఏజెన్సీ నంబరు. ఆ చూపు వెంట ఆమె చూపూ వెళ్ళింది. మూడు నెలల కాపురంలో అతని చూపు ఎటు పోతే అటు పోవడం ఆమెకి అలవాటైపోయింది.

"మీదేనా?"

జితేంద్ర అన్నం ముద్దని కంచంలో అటూ ఇటూ తోశాడు. "మాదే. నేనే పంపేను."

నూకరత్నం చారు గిన్నె దించి పక్కన పెట్టింది. ఎవరికీ వడ్డించలేదు.

"నెలకి నలభై నోటీసులు వస్తాయి భాగ్యా. పేరు మార్పు, పోయిన మార్కుషీటు, టెండరు, వేలంపాట. ప్రకటనిచ్చిన పార్టీ సిటీ చాలన్నాడు, టిక్ పెట్టేను. రూల్లో ఏటుంటాది? స్థానిక పత్రికలో వెయ్యాలని ఉంటాది. స్థానిక పత్రికే గదా అది. తప్పేటి?"

"తప్పు లేదండీ. ఎవరి తప్పూ లేదు. ఆఫీసు వేశామంటాది, పత్రిక అచ్చేశామంటాది, మీరు టిక్ పెట్టేమంటారు, సార్ కన్‌ఫర్మ్ చెయ్యాలంటారు. అందరూ తమ పని చేసేరు. ఆ ఊరోళ్ళే పాపం ముప్పై రెండు ఫొటోల్ని చదువుకున్నారు."

"నామీద అరుస్తావేటి?"

"అరవటం లేదు." నిజంగానే అరవడం లేదు. "సాయంత్రాలు మేడమీద టీ తాగుతూ నేను కర్మాటోలా గురించి చెప్పేదాన్ని గదా. ఆ బీడు, ఆ ఆవులు, బిసాహిన్ బాయి అన్నిటికీ పేర్లు పెట్టడం. మీరు నవ్వేవారు. అప్పుడు వింటున్నారనుకున్నాను."

"విన్నాను. నువ్వు చెప్పేవన్నీ వింటాను. ఫారం మీద ఊరి పేరు మాత్రం చదవను. అది నిజం. నలభై ఫారాల్లో ఎవరు చదువుతారు?"

ఆమె కంచం పక్కనున్న పేజీని చేతిలోకి తీసుకుంది. అరమీద పరిచేటప్పుడు ఈ పేజీని మధ్యకి మడిచింది తనే. కత్తెర పెట్టింది తనే. నోటీసుకి అంగుళం కింద చంద్రుళ్ళని కోసింది, ఒక్క అక్షరం చదవకుండా. ఆ రోజు ఇద్దరూ ఎంత నవ్వుకున్నారు. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పుడు సిగ్గు వేసింది.

"నేనూ చదవలేదు," అంది. "పేపర్ చూడండని ఊరంతటికీ చెప్పి, నేను చూడలేదు."

పక్క క్వార్టర్లో కుక్కర్ కూత వేసింది. జితేంద్ర లేచి చెయ్యి కడుక్కున్నాడు. కంచంలో సగం అన్నం అలాగే ఉంది. మామూలుగా అన్నం వదిలితే నూకరత్నం ఊరుకోదు. ఇవాళ ఊరుకుంది.

"టైమెంతయ్యింది?"

"ఒకటీ పది."

"కర్మాటోలా ఎంత దూరం?"

"ఇరవై ఎనిమిది కిలోమీటర్లు."

"రోడ్డు బాగులేకపోయినా గంటలో ఉంటాం. వాళ్ళు కాగితం మీద సంతకాలు పెట్టీసరికి మూడు. దుర్గ్ నాలుగున్నర. దరఖాస్తు నువ్వు రాయగలవు గదా?"

"దారిలో రాస్తాను."

"బైకు మీద రాస్తావేటి? కూర్చుని ఇప్పుడు రాయి. నేను బండి తిప్పుతాను." గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూశాడు. "ఊరోళ్ళు పొలాల్లో ఉంటే? మనం వెళ్ళేక ఒక్కొక్కళ్ళనీ పోగెయ్యాలంటే అవదు."

అదీ నిజమే. ముందే ఒకచోట చేరి ఉండాలి. వాళ్ళని చేర్చగలిగేది ఒక్కటే, గావ్ ఖబర్ లైన్. ఒక్క మీట నొక్కితే కర్మాటోలాలో అరవై ఒక్క ఫోన్లు ఒక్కసారిగా మోగుతాయి. ఆ మీట ఆమె ల్యాప్‌టాప్‌లోనే ఉంది. మీట నొక్కే అధికారం నరసింగరావుది.

"సార్ వద్దన్నారండీ. నొక్కితే ఉద్యోగం ఉండదు."

జితేంద్ర నొక్కమనీ అనలేదు, వద్దనీ అనలేదు. నూకరత్నం మాత్రం డబ్బాలు ఒక్కొక్కటీ తీసి ఉత్త అర మీద సర్దుతూ, ఎవరితోనో చెబుతున్నట్టు అంది. "మీ మావయ్య డ్యూటీలో ఉన్నప్పుడు ఊర్నించి టెలిగ్రాం వచ్చింది, మా అమ్మ పోయిందని. ఆఫీసులో ఎవరో కన్‌ఫర్మ్ చేస్తామని రెండు రోజులు టేబుల్ మీదే పెట్టీసేరట. నేనెళ్ళేసరికి అన్నీ అయిపోయేయి."

ఈ ముక్క ఆవిడ ఇదివరకెప్పుడూ చెప్పలేదు. కొడుక్కి కూడా తెలీదని అతని మొహమే చెప్పింది.

భాగ్యరేఖ ల్యాప్‌టాప్ తెరిచింది. ఛత్తీస్‌గఢీలో, రోజూ వార్తలు చదివే గొంతుతోనే, ఇరవై సెకన్లలో చెప్పింది. బీడు నోటీసు దొరికింది, ఇవాళే ఆఖరు రోజు, అందరూ ఆధార్ కార్డులు తీసుకుని రెండింటికల్లా కిరాణా కొట్టు దగ్గరికి రండి, నేను కాగితం పట్టుకుని వస్తున్నాను. మీట నొక్కేసింది.

తెరమీద అంకెలు కదిలాయి. అరవై ఒక్క ఫోన్లు మోగుతున్నాయి. ఎత్తినవి నాలుగు. తొమ్మిది. పంతొమ్మిది. ముప్పై మూడు. ఇంత కంగారులోనూ ఆమెకి ఒళ్ళు పులకరించింది. ముప్పై మూడు ఇళ్ళల్లో, పొలంగట్ల మీద, పశువుల వెనక, ఒకే మాట ఒకేసారి వినిపిస్తోంది. దీనికోసమే గదా ఈ ఉద్యోగంలో చేరింది.

దరఖాస్తు రెండో పేరాలో ఉండగా ఫోన్ మోగింది. నరసింగరావు. చూసి, పక్కన పెట్టింది. మళ్ళీ మోగింది. మళ్ళీ ఆయనే. ఆఖరి వాక్యం రాసి, కింద సంతకాలకి గీతలు గీసి, కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. బయట జితేంద్ర బండి స్టార్ట్ చేశాడు.

చెప్పుల్లో కాలు పెడుతుంటే మూడోసారి మోగింది. ఈసారి కర్మాటోలా నంబరు.

"నోనీ, నీ కబురిప్పుడే విన్నాను," అంది బిసాహిన్ బాయి. వెనకనుంచి ఆవుల మెడగంటలు వినిపిస్తున్నాయి. గొంతులో తొందర లేదు, కొంచెం చిరాకుంది. "ఇంకోసారి ఎందుకు సంతకాలు?"

"ఇంకోసారేంటి దాయీ? ఇదే మొదటిసారి." దాయీ అంటే వాళ్ళ భాషలో అమ్మ.

"మంగళవారం పెట్టేశాం గదా. నువ్వు పంపిన మనిషే వచ్చాడు, తెల్ల కారులో. గావ్ ఖబర్ నుంచన్నాడు. ఈ కాగితం మీద వేలిముద్ర వేస్తే ఇక పట్నం పేపరు ఇంటింటికీ వస్తుందన్నాడు. పైన ఏం రాసుందని అడిగితే, మీ నోనీ రాసిందే అన్నాడు."

బయటినుంచి జితేంద్ర హారన్ కొట్టాడు. భాగ్యరేఖ గడప దగ్గరే నిలబడిపోయింది.

"దాయీ, నేనెవర్నీ పంపలేదు. అది బీడు ఇచ్చేస్తామని రాసిన కాగితమై ఉంటుంది. ఎంతమంది వేశారు?"

"ఊరంతా వేసింది నోనీ," అంది బిసాహిన్ బాయి. "నీ పేరు చెప్పాక ఎవరు కాదంటారు?"